పక్క బేసులో రిలే

కిందటి వారం ప్యానెలక్కని ఫ్యాక్టరీ గేటు లోపల నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఎందుకుందో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు కదులుదాం.

తలుపులకు బందులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో పెద్ద ప్రెస్సు, ఒకసారి దిగి పైకెళ్ళి ఆగాల్సింది, ఆగకుండా రెండోసారీ దిగింది. తయారైన బందును తియ్యబోయిన సెట్టరు, అంటే అచ్చులు బిగించి ప్రెస్సు నడిపేవాడు, అతని కుడి చెయ్యి మణికట్టు దాకా నుజ్జయిపోయింది. మర్నాడు ఓనరు అందరినీ పోగేసి అదే ప్రెస్సును నడిపించి చూపించాడు. అది ఏ పాపం ఎరగనట్టు దిగింది, ఎక్కింది, ఆగింది. "మిషన్ బానే ఉంది, వాడే ఒళ్ళు దగ్గర పెట్టుకోలేదు" అని ఓనరు తేల్చేశాడు. ఆ ప్రెస్సుకు కంట్రోల్ ప్యానెల్, అంటే దాన్ని నడిపే స్విచ్చులూ వైర్లూ ఉండే పెట్టె, కట్టిచ్చింది మన ప్యానెలక్కే. ఆవిణ్ణి అడిగితే, ప్యానెల్ తలుపైనా తెరవకుండా, "నా ప్యానెల్‌లో తప్పు లేదు" అనేసింది. ఆవిడ తమ్ముడికి మాత్రం మనసు ఊరుకోలేదు. సెలవు రోజు చూసుకుని, ఒకసారి ప్యానెల్ తెరిచి చూసొస్తానని వెళ్ళాడు. భోజనాల వేళ దాటినా తిరిగి రాలేదు. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చిన అక్కకు, ఒక్క మనిషీ పనిలో లేని ఆ రోజున, లోపల ప్రెస్సు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

ఆవిడ పరుగెత్తింది.

షెడ్డులో రేకుల సందుల్లోంచి ఎండ పడుతోంది. పెద్ద ప్రెస్సు పక్కనున్న చక్రం గిర్రున తిరుగుతోంది. దాని ముందు ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ముఖమంతా నెత్తురు. కుడి చెయ్యి ప్రెస్సు లోపల, కింది అచ్చు మీద ఉంది. బరువైన అచ్చులను ఎత్తే ఇనుప గొలుసుతో ఆ చేతిని ఊడి రాకుండా బిగించి కట్టేశారు. చొక్కాను బట్టి తప్ప ముఖాన్ని బట్టి అది తన తమ్ముడని అక్క పోల్చుకోలేకపోయింది. సన్నగా ఉంటాడనీ, పగలంతా వైర్లతోనే బతుకుతాడనీ వాణ్ణి అందరూ తీగ అంటారు.

"రా ప్యానెలక్కా. నీ కోసమే చూస్తున్నా" అన్నాడు బటన్ల దగ్గర నిలబడ్డ మనిషి.

సెట్టరుకు సొంత అన్న అతను. పేరు సుత్తి. అలాగని ఊరికే వాగి జనాన్ని చంపే రకం అనుకోవద్దు, మాటల విషయంలో అతనంత పిసినారి ఆ ఫ్యాక్టరీలో లేడు. వెనక షెడ్డులో ఎర్రగా కాలిన ఇనుమును పవర్ హ్యామర్‌తో సాగగొడతాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు అతని చంకలో మూరెడు ఇనుప కడ్డీ ఉంది. దాని కొసన తడిగా ఉంది.

"అన్నా, వాణ్ణి వదిలెయ్. ఏదున్నా నాతో మాట్లాడు" అంది అక్క.

"మాట్లాడేది నేను కాదు, మిషను. మీవాడు దొంగలా ప్యానెల్ తలుపు మీద చెయ్యేసి దొరికాడు. ఏం దాచడానికి వచ్చావురా అంటే ఏం లేదంటాడు. ఏం లేకపోతే సెలవు రోజున ఎందుకొచ్చినట్టు?"

"చూద్దామని వచ్చానక్కా. ఒట్టు" అన్నాడు తీగ. ముందు పళ్ళు ఊడిపోవడంతో మాట సరిగ్గా రావడం లేదు.

"నువ్వు నోరు ముయ్" అని సుత్తి కాలితో వాడి డొక్కలో తన్నాడు. తీగ ముడుచుకుపోబోయాడు కానీ గొలుసు ముడుచుకోనివ్వలేదు. నోట్లోంచి నెత్తురు కలిసిన చొంగ అచ్చు మీద పడింది.

అక్క మెయిన్ స్విచ్ కోసం చూసింది. అది సుత్తి వెనక గోడకు ఉంది. ఎర్రటి ఎమర్జెన్సీ బటనూ అతని మోచేతి పక్కనే ఉంది. అతను కావాలనే అలా నిలబడ్డాడు.

"నీ మాట అందరి ముందూ అన్నావు కదా, తప్పు లేదని? అయితే ఇందులో భయపడాల్సిందేమీ లేదు. నేను రెండు బటన్లూ నొక్కుతా, వెంటనే వదిలేస్తా. నీ ప్యానెల్ మంచిదైతే ప్రెస్సు సగంలోనే ఆగుతుంది, మీవాడి చెయ్యి మీవాడికే ఉంటుంది. ఆగకపోతే మా తమ్ముడు అబద్ధం చెప్పలేదని లోకానికి తెలుస్తుంది. న్యాయమేగా?"

"పిచ్చెక్కిందా నీకు?"

"ఎక్కింది. ముందు ఉత్తి రేకుతో చూపిస్తా, చూడు."

అతను తీగ చేతిని గొలుసుతో సహా పక్కకు లాగి ఒక రేకు ముక్కను అచ్చు మీదకు తోశాడు. రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కాడు. ప్రెస్సు తల దిగి రేకును వంచి పైకెళ్ళి ఆగింది. నేల అదిరింది. మళ్ళీ నొక్కి, ఈసారి సగంలో వదిలేశాడు. ప్రెస్సు తల గాల్లోనే నిలబడిపోయింది. "బంగారంలా ఉంది" అన్నాడు సుత్తి, మెచ్చుకుంటున్నట్టు.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే ఆ తర్వాత అక్క చేసిన పని అర్థం కాదు. రిలే అంటే అగ్గిపెట్టెంత స్విచ్చు. రెండు బటన్లూ నొక్కితే అది టక్కుమని అతుక్కుంటుంది, వాల్వ్ తెరుచుకుంటుంది, ప్రెస్సు దిగుతుంది. చేతులు తీస్తే మళ్ళీ టక్కుమని విడిపోవాలి, వాల్వ్ మూసుకోవాలి, ప్రెస్సు ఆగాలి. మొదటి టక్కు ఓనరుకు డబ్బులిస్తుంది. రెండో టక్కు పనివాడికి చెయ్యి మిగులుస్తుంది. ప్యానెలక్క చెవులు ఆ రెండు చప్పుళ్ళతోనే అన్నం తింటున్నాయి.

సుత్తి మరోసారి నొక్కి వదిలాడు. ప్రెస్సు ఆగింది. కానీ ప్యానెల్ లోపలి రెండో టక్కు కాస్త ఆలస్యంగా వచ్చింది. జిగురు మీంచి కాలు పీక్కున్నట్టు, ఇష్టం లేకుండా వచ్చింది.

ఆ మిషన్ మర్నాడు ఎందుకు బుద్ధిగా నడిచిందో అక్కకు అప్పుడు అర్థమైంది. రిలే లోపలి ముక్కలు నిప్పురవ్వకు కరిగి అతుక్కుంటున్నాయి, ప్రెస్సు అదురుకు మళ్ళీ ఊడిపోతున్నాయి. ఒకసారి ఊడతాయి, ఒకసారి ఊడవు. ఊడనిరోజు సెట్టరు చెయ్యి లోపలుంది.

బాగుందంటే ఇతను తీగ చెయ్యి పెట్టి నొక్కుతాడు. బాగాలేదంటే, అందరి ముందూ అబద్ధమాడి తన తమ్ముణ్ణి దోషిని చేశారని అక్కడే కొట్టి చంపేస్తాడు. అక్కకు ఏడుపొచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ రోజు ఒక్కసారి తలుపు తెరిచి చూసుంటే ఇంత దాకా వచ్చేదా?

సుత్తి తీగ చేతిని మళ్ళీ అచ్చు మధ్యకు జరిపాడు. తీగ "అక్కా, అక్కా" అంటూ అరవడం మొదలుపెట్టాడు. పెళ్ళై పిల్లలున్న మనిషి, చిన్నప్పుడు మెట్ల మీంచి పడ్డప్పటిలాగే అరుస్తున్నాడు.

"నొక్కొద్దు!" అని అక్క కేక పెట్టింది. "తప్పుంది. నా ప్యానెల్‌లో తప్పుంది. మీ తమ్ముడు అబద్ధం చెప్పలేదు."

సుత్తి చేతులు బటన్ల మీదే ఉన్నాయి. ముఖంలో ముందు ఏడుపు కనిపించింది, దాని మీదుగా కోపం వచ్చింది.

"అయితే ఆ రోజెందుకు అన్నావే ఆ మాట?" అని చంకలోని కడ్డీ తీసి తీగ వీపు మీద కొట్టాడు. "మావాడు మంచంలో పడుకుని, నేనే పొరపాటున చెయ్యి పెట్టానేమో అన్నా అని నన్నడుగుతున్నాడే!" మళ్ళీ కొట్టాడు. "వాడి చెయ్యి వాడికే అనుమానం అయిపోయిందే!"

అక్క భుజానున్న పనిముట్ల బ్యాగ్‌లోంచి పెద్ద స్పానర్ లాగి అతని మీద పడింది. మొదటి దెబ్బ చెవి పక్కన తగిలి చర్మం చిట్లింది. రెండో దెబ్బకు ఆవిడకు సందు దొరకలేదు. అతను జుట్టు పట్టుకుని ఆవిణ్ణి తుక్కు రేకుల కుప్ప మీదకు విసిరేశాడు. రేకు అంచులు అరచేతుల్లో, మోచేతుల్లో దిగబడ్డాయి. లేవబోతే అరచెయ్యి నెత్తుట్లో జారింది. అతను కడ్డీ ఎత్తి మీదకు వస్తున్నాడు.

"నన్ను చంపితే ఎవరు చేశారో నీకెప్పటికీ తెలీదు!" అంది అక్క. "నేను పెట్టిన రిలే అలా అతుక్కోదు. అతుక్కోకూడదనే ఏరి ఏరి పెట్టాను. లోపల ఇంకేదో ఉంది. మెయిన్ ఆపు, తెరిచి చూపిస్తా. ఆ తర్వాత కావాలంటే కొట్టు."

సుత్తి రొప్పుతూ నిలబడ్డాడు. చెవి పక్కనుంచి నెత్తురు మెడ మీదకు కారుతోంది. వెనక్కి నడిచి మెయిన్ స్విచ్ కిందకు దించాడు. చక్రం మెల్లగా నెమ్మదించి ఆగిపోయింది. షెడ్డులో తీగ మూలుగు తప్ప ఇంకేం వినపడలేదు.

అక్క ప్యానెల్ తలుపు తెరిచింది. లోపల రిలేలన్నీ ఒకే వరసలో, ఒకే రకం బేసుల్లో, అంటే రిలే కాళ్ళు గుచ్చే గూళ్ళలో, కూర్చుని ఉన్నాయి. వాల్వ్ బేసులో ఉన్నదాన్ని పీకింది. దాని ప్లాస్టిక్ మూత లోపల పొగచూరి ఉంది. పై అంచున, బరువు లోడుకు వాడే రిలేలకు గుర్తుగా ఆవిడ పెట్టే గోళ్ళరంగు చుక్క లేదు.

"ఇది నాది కాదు. అంటే, నాదే కానీ ఇక్కడిది కాదు. ఇది ప్యానెల్ మీది ఎర్ర దీపం వెలిగించే రిలే" అంది. పక్క బేసు చూసింది. రంగు చుక్క ఉన్న తన బరువు రిలే అక్కడ దర్జాగా కూర్చుని ఉంది. ఒక దీపాన్ని వెలిగించి ఆర్పడానికి.

"రెంటి మీదా పది ఆంపియర్లనే ఉంది" అన్నాడు సుత్తి తొంగిచూసి. "తేడా ఏంటి?"

"ఆ పది ఇంట్లో వచ్చే కరెంటు లెక్క, అదీ బల్బు లాంటి మెత్తటి లోడుకు. వాల్వ్‌లో ఉన్నది కాయిల్. దానికిచ్చేది డీసీ, బ్యాటరీలో వచ్చే రకం. డీసీ తెగేటప్పుడు ఊరికే తెగదన్నా, నిప్పులు కక్కుతుంది. ఈ చిన్నదాంట్లో ముక్కల మధ్య సందు తక్కువ, ఆ నిప్పుకు కరిగి అతుక్కుంటాయి. ఆ పెద్దదాంట్లో సందు ఎక్కువ, పక్కన అయస్కాంతం ఉంటుంది. అది నిప్పును పక్కకు ఊదేస్తుంది. అందుకే వాల్వ్‌కి అదే పెట్టాను."

"అయితే మార్చిందెవడు?"

ఆ ప్రశ్న అడుగుతూనే అతను తీగ వైపు తిరిగాడు. ప్యానెల్స్ సర్వీసుకు వచ్చేది తీగే. ఇందాక తలుపు మీద చెయ్యేసి దొరికిందీ తీగే.

"నేను కాదు. పిల్లల మీద ఒట్టు, నేను కాదు" అన్నాడు తీగ, రాబోయేది తెలిసి.

కడ్డీ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు పచ్చి కర్ర విరిచినట్టు వినిపించింది. తీగ అరవలేదు, ఊపిరే అందలేదు. గొలుసుకు వేలాడిపోయాడు. అక్క వెళ్ళి వాడి మీద అడ్డంగా పడింది. తర్వాతి దెబ్బ ఆవిడ నడుముకు తగిలింది.

"నన్ను కొట్టు! తప్పు నాది!" అని అరిచింది. "అన్ని బేసులూ ఒకేలా పెట్టింది నేనే. ఒక్క స్పేరు కొనుక్కుంటే ఎక్కడైనా సరిపోతుందని గొప్పలు పోయాను. మిషన్ మొరాయిస్తే పక్కది పీకి ఇందులో, ఇందులోది పీకి పక్కదాంట్లో పెట్టి చూస్తారని నాకు తెలీదా? ప్రతి ఫ్యాక్టరీలో చేసే పనే కదా అది! వాల్వ్ బేసు ఒక్కటి వేరేది పెట్టుంటే ఎవడూ మార్చగలిగేవాడే కాదు. ఎవడు మార్చినా వాడికి చోటిచ్చింది నేనే."

సుత్తి కడ్డీ దించలేదు. కానీ కొట్టనూ లేదు. అతని చూపు అక్క మీద లేదు. తెరిచి ఉన్న ప్యానెల్ వైపు, ఖాళీ అయిన వాల్వ్ బేసు వైపు ఉంది.

ఆ బేసు మీది క్లిప్పు, అక్క పెట్టిన పొడుగు రిలేను పట్టి ఉంచడానికి చేసింది. పొట్టి రిలే అందులో వదులుగా ఆడుతుందని ఎవరో సందులో దళసరి తోలు ముక్క మడిచి దోపారు. అక్క రిలే పీకినప్పుడు అది సగం ఊడి వేలాడుతోంది. ప్రెస్సు షాపులో అందరివీ గుడ్డ గ్లవ్స్. తోలు గ్లవ్స్ వాడేది వెనక షెడ్డులో, కాలే ఇనుము దగ్గర.

అక్క కూడా దాన్ని చూసింది. ఆవిడకు విషయం అందేలోపే సుత్తి ఆ ముక్కను వేళ్ళతో తీసి, అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడిపోయాడు.

"అది జరగడానికి ముందురోజు" అన్నాడు. గొంతు ఇందాకటిది కాదు. "ప్రెస్సు కదలడం లేదని మా తమ్ముడు నన్ను పిలిచాడు. ఎలక్ట్రీషియన్ లీవులో ఉన్నాడు. టార్గెట్ పూర్తవదని వాడి భయం. మా హ్యామర్ దగ్గర నేనెప్పుడూ చేసేదే కదా అని... పక్కది పీకి ఇందులో పెట్టా. పెట్టగానే నడిచింది, ఆ సంగతే మరిచిపోయా."

"రిలే పోలేదన్నా. బేసు కింద వైరు లూజై ఉంటుంది. నువ్వు గట్టిగా నొక్కడంతో అది తగులుకుంది."

"వాడు సంబరపడ్డాడు. మా అన్న చెయ్యి పడితే ఏదైనా నడుస్తుందని అందరికీ చెప్పాడు."

సుత్తి కూలబడి తలను ప్యానెల్ తలుపుకేసి కొట్టుకున్నాడు. రేకు తలుపు సొట్టపోయింది. మళ్ళీ కొట్టుకున్నాడు. అక్కకు అంత నొప్పిలోనూ జాలేసింది. నడుము పట్టుకుని లేచి, తమ్ముడి మణికట్టు మీది గొలుసు ముడి విప్పడానికి వంగింది. వేళ్ళు నెత్తురుతో జారిపోతున్నాయి.

"ఆగు" అన్నాడు సుత్తి వెనకనుంచి.

అతను లేచి వెళ్ళి షట్టర్ కిందకు లాగాడు. గుమ్మంలోంచి పడే ఎండ తెగిపోయి, రేకుల సందుల్లోంచి వచ్చే వెలుతురే మిగిలింది. తిరిగొచ్చి కడ్డీని తీగ గొంతు మీద అడ్డంగా పెట్టి, రెండు వైపులా రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇది నీకు, నాకు, వీడికి తప్ప ఎవరికీ తెలీదు. మా తమ్ముడికి తెలియకూడదు. నాకు వాడు తప్ప ఎవరూ లేరు, వాడికి నేను తప్ప ఎవరూ లేరు. వాడి చెయ్యి తీసింది నేనని తెలిస్తే ఇక వాడు ఎవరి దగ్గర ఏడుస్తాడు?"

"అన్నా..."

"మార్చింది మీవాడే. ఆ మాట నీ నోటితో చెప్పు. చెప్తే వీడు ప్రాణాలతో బయటికెళ్తాడు."

"జైలుకెళ్తాడు."

"ప్రాణాలతో వెళ్తాడు."

ఒక చేత్తో కడ్డీని అదిమిపెట్టి, రెండో చేత్తో అతను ఫోన్ తీసి నొక్కాడు. స్పీకర్ పెట్టి అక్క ముఖం ముందు పట్టుకున్నాడు. రెండు రింగులకే అవతల ఎత్తారు. మందుల మత్తులో ముద్దగా ఉన్న గొంతు వినిపించింది.

"అన్నా, ఏమన్నా తేలిందా?"

"తేలింది రా. ప్యానెలక్క చెప్తుంది, విను."

"అక్కా, నువ్వేనా?" సెట్టరు గొంతులో ఆశ పలికింది. "నువ్వు చెప్తే నమ్ముతానక్కా. నేను ఒళ్ళు దగ్గర పెట్టుకునే పని చేశాను కదా? తప్పు నాది కాదు కదా? మరి ఆ మిషన్‌లో ఎవరు వేలు పెట్టారక్కా?"

కడ్డీ కింద తీగ కళ్ళు తేలేస్తున్నాయి. గాలి కోసం కొట్టుకుంటున్న ఆ ముఖంతోనే అక్క వైపు చూసి, చెప్పెయ్యమన్నట్టు తలాడించాడు. తన పేరు చెప్పెయ్యమన్నట్టు.

అక్క ఒకసారి తమ్ముణ్ణి చూసింది. తర్వాత సుత్తి కళ్ళలోకి చూస్తూ ఫోన్ దగ్గరకు వంగింది.

"తప్పు నీది కాదు తమ్ముడూ" అంది. "ఎవరు పెట్టారో చెప్తా. గుండె దిటవు చేసుకుని విను."

సుత్తి రెండో చేతిలోంచి ఫోన్ జారి నేల మీద పడింది. ఆ చెయ్యి కూడా కడ్డీ మీదకు వచ్చింది.